మీ ఇంట్లో 2020 ఎలా గడిచిందో రాసి దాచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఆ మధ్య అల్మారా సర్దుతుంటే ఒక పాత నోట్‌బుక్ బయటపడింది. పిల్లలు లెక్కలు చేసి సగంలో వదిలేసినది. వెనక పేజీలు తిప్పితే అమ్మ చేతిరాత. నిలువుగా గీసిన గీతలు, పైన మా పేర్ల మొదటి అక్షరాలు, పక్కన తేదీలు. 98.4, 98.2, 98.6. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. 2020 మార్చి నెలాఖరులో మొదలై జూన్ దాకా ఒక్క రోజు కూడా తప్పలేదు. ఒకచోట మాత్రం ఎవరి గడిలోనూ కాకుండా, పేజీ అంచున 99.1 అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. పేరు లేదు.

ఆ నోట్‌బుక్ పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కరోనా మొదటి నెలలు నాకు బాగా గుర్తున్నాయనే అనుకున్నాను. కానీ మూడు నెలల పాటు రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకున్న సంగతే నాకు గుర్తు లేదు. ఇంట్లోవాళ్లకు చూపిస్తే "అవును కదా!" అన్నారు. చూపించేదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడే మా ఇంటి 2020ని రాయడం మొదలుపెట్టాను. తీరిక దొరికినప్పుడల్లా రాస్తే ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది వెనక, ఎవరిని ఎలా అడగాలి అని తడుముకుంటూ నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను. దీనికి రచయితలే కానక్కర్లేదు. ఉత్తరం రాయగలిగితే చాలు.

మిగతా అడుగులన్నీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దాన్ని ముందే చెబుతాను. అప్పటి భయాన్ని అప్పుడు మనకు తెలిసినదాంతోనే రాయాలి. ఇప్పుడు తెలిసినదాంతో కొలిచి "అనవసరంగా భయపడ్డాం" అని తీసిపారేస్తే, ఆ రోజుల్లో మన ఇంట్లో నిజంగా జరిగినదేదీ కాగితం మీదికి రాదు.

ఇప్పుడే ఎందుకు రాయాలి

జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది, అదీ పూర్తి నమ్మకంతో. 1986 జనవరిలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు, అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలితో కలిసి కొందరు కాలేజీ విద్యార్థుల చేత, ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారో, ఎవరు చెప్పారో రాయించాడు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే, చాలామంది చెప్పింది మొదట రాసినదానితో కలవలేదు. అయినా తమ జ్ఞాపకం సరైనదేనని గట్టిగా నమ్మారు. వాళ్ల చేతిరాతే వాళ్లకు చూపించినా అసలు సంగతి గుర్తుకు రాలేదు. 2020 నుంచి మనం ఎంత దూరం వచ్చామో చూసుకోండి.

రెండో కారణం, పెద్ద సంఘటనలు చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి, చిన్న దిగుళ్లను మాత్రం ఎవరూ రాసిపెట్టరు. 1665లో లండన్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు శామ్యూల్ పీప్స్ అనే ప్రభుత్వోద్యోగి రోజూ డైరీ రాసుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లో ఒక రోజు అతని దిగులంతా ఒక విగ్గు గురించి. కొన్నాళ్ల క్రితం కొన్న విగ్గును, కొన్నచోట అప్పుడు ప్లేగు ఉండటంతో, అప్పటిదాకా పెట్టుకోవడానికి భయపడ్డాడు. జుట్టు ప్లేగుతో చనిపోయినవాళ్ల తల నుంచి తీసినదైతే? ఆ భయంతో ప్లేగు తగ్గాక అసలు విగ్గులు కొనేవాళ్లు ఉంటారా అని అనుకున్నాడు. వార్తాపత్రికకు పనికొచ్చే సంగతి కాదది. కానీ మూడున్నర శతాబ్దాల తర్వాత చదువుతున్నా, ఆ మనిషి మన పక్కింట్లో ఉన్నట్టే అనిపిస్తుంది.

మొదటి అడుగు: హద్దులు గీసుకోండి

కరోనా కాలమంతా రాస్తానని కూర్చుంటే పని ముందుకు సాగదు. తొలి నెలలు మాత్రమే తీసుకోండి. మీ ఇంటికి సంబంధించినంతవరకు కరోనా ఏ రోజు మొదలైందో ఆ రోజే మీ మొదటి రోజు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారిగా పేర్కొన్నది 2020 మార్చి 11న. మీ ఇంట్లో అది ఆ రోజే మొదలై ఉండకపోవచ్చు. బడి మూసేస్తున్నారని పిల్లలు చెప్పిన సాయంత్రం కావచ్చు. ఆఫీసు నుంచి కంప్యూటర్ ఇంటికి తెచ్చుకున్న రోజు కావచ్చు. విదేశంలో ఉన్న అక్క ఫోన్ చేసి "మీరు ఇంకా బయట తిరుగుతున్నారా?" అని అడిగిన రాత్రి కావచ్చు.

ఎక్కడ ఆపాలన్నది మీ ఇష్టం. నేను 2020 డిసెంబర్ 8 దగ్గర ఆపాను. పరీక్షలన్నీ పూర్తయి అనుమతి పొందిన టీకాను బ్రిటన్‌లో మామూలు జనానికి వేయడం మొదలుపెట్టింది ఆ రోజే. టీవీలో ఆ దృశ్యం చూసి నాన్న ఏమీ అనకుండా లేచి వెళ్లి ముఖం కడుక్కొచ్చారు. మా ఇంట్లో ఒక అధ్యాయం అక్కడ ముగిసింది.

రెండో అడుగు: గుర్తు తెచ్చుకునే ముందు సాక్ష్యాలు పోగేయండి

ఇక్కడ చాలామంది తిరగేసి చేస్తారు. నేనూ అదే చేశాను. ముందు కళ్లు మూసుకుని గుర్తున్నది రాసేసి, తర్వాత పాత మెసేజ్‌లు చూశాను. సగానికి సగం తప్పులు. తేదీలు అటూ ఇటూ అయ్యాయి. ఎవరు ఏమన్నారో తారుమారైంది. అందుకే మొదటి రెండు వారాలు ఒక్క వాక్యం కూడా రాయకండి. పోగేయడమే పని.

అన్నిటికన్నా పెద్ద గని మీ ఫోనే. ఫొటోల్లో 2020 మార్చికి వెళ్లి ఒక్కొక్కటే నెమ్మదిగా చూసుకుంటూ రండి. ముఖాలకన్నా వెనకాల ఏముందో చూడండి. బల్ల మీద శానిటైజర్ సీసా ఎప్పటి నుంచి కనబడుతోంది? తలుపు కొక్కేనికి మాస్కులు ఎప్పుడు వేలాడాయి? జుట్టు ఎంత పెరిగింది? ఇంట్లో కత్తిరించిన జుట్టైతే ఫొటోలో ఇట్టే తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: ఎవరో పంపిన ఫొటోల తేదీ అవి తీసిన రోజుది కాకపోవచ్చు, మీ ఫోన్‌లో చేరిన రోజుది కావచ్చు.

తర్వాత వాట్సాప్. కుటుంబం గ్రూపులో వెతికే చోట "మాస్క్", "జ్వరం", "దొరికిందా", "బయటికి", "జాగ్రత్త" లాంటి మాటలు కొట్టి చూడండి. ఆ మెసేజ్‌కు ముందూ వెనకా ఏముందో కూడా చదవండి. ముఖ్యమైన గ్రూపులను "ఎక్స్‌పోర్ట్ చాట్" ద్వారా ఫైలుగా దించుకోవచ్చు. వాయిస్ మెసేజ్‌లను అస్సలు వదలకండి. అప్పటి గొంతులో ఉన్న కంగారు ఏ అక్షరంలోనూ ఉండదు. ఇప్పుడు లేనివాళ్ల గొంతు కూడా దొరకవచ్చు. అందుకే ఒంటరిగా, తీరికగా ఉన్నప్పుడే వినండి.

మీ గూగుల్ ఖాతాలో "మై యాక్టివిటీ" తెరిస్తే ఆ రోజుల్లో ఏమేం వెతికారో దొరకవచ్చు. పాతవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఉండదు. నాకు దొరికింది. ఒకే రాత్రి రెండు గంటల తేడాలో నేను "పొడి దగ్గు అంటే ఏమిటి", "పొడి దగ్గుకు మామూలు దగ్గుకు తేడా", "దుమ్ము వల్ల దగ్గు వస్తుందా" అని మూడుసార్లు వెతికాను. ఆ రాత్రి ఎలా గడిచిందో ఈ మూడు వరుసలు చెప్పినట్టు నేను పేజీలు పేజీలు రాసినా చెప్పలేను.

బ్యాంకు స్టేట్‌మెంట్, మందుల బిల్లులు, రద్దయిన టికెట్లు కూడా తీసి పెట్టండి. షాపుల్లో మిషన్ మీద వచ్చే బిల్లుల అక్షరాలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి కాబట్టి ముందు వాటికి ఫొటో తీసేయండి. కుట్టుకున్న గుడ్డ మాస్క్, పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల కోసం గోడకు అంటించుకున్న టైమ్‌టేబుల్ లాంటి వస్తువులేమైనా మిగిలి ఉంటే వాటికీ ఫొటో తీయండి.

మూడో అడుగు: ఒక్క పేజీలో కాలపట్టిక

పెద్ద కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క ప్రపంచం, కుడి పక్క మీ ఇల్లు. ఎడమ పక్కకు ఈ తేదీలు చాలు:

2019 డిసెంబర్ 31: చైనాలోని వుహాన్‌లో కారణం తెలియని న్యుమోనియా కేసుల కబురు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వచ్చింది.
2020 జనవరి 23: వుహాన్ నగరాన్ని మూసేశారు.
జనవరి 30: అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటన.
ఫిబ్రవరి 11: జబ్బుకు కొవిడ్-19 అని పేరు పెట్టారు.
మార్చి 9: ఇటలీ దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటన.
మార్చి 11: మహమ్మారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.
మార్చి 24: టోక్యో ఒలింపిక్స్ వాయిదా.
ఏప్రిల్ 8: 76 రోజుల తర్వాత వుహాన్ తెరుచుకుంది.
జూన్ 16: పరిస్థితి విషమించిన రోగుల్లో డెక్సామెథసోన్ అనే చవక మందు ప్రాణాలు కాపాడుతోందని బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు.
డిసెంబర్ 8: బ్రిటన్‌లో టీకాలు మొదలు.

మీరున్న చోట లాక్‌డౌన్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు సడలించారు, బడులు ఎప్పుడు మూశారు అన్నవి మీరే చేర్చుకోండి. బడుల మూత ఏ ఒక్క దేశానిదో కాదు. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు బడులకు, కాలేజీలకు దూరమయ్యారని యునెస్కో లెక్క. అంటే మొత్తం విద్యార్థుల్లో పదిమందికి తొమ్మిదిమంది.

ఇప్పుడు కుడి పక్క నింపండి. జనవరి 30 ఎదురుగా మీ ఇంట్లో ఏముంది? మా కాగితం మీద "చుట్టాల ఫంక్షన్, రెండు వందలమంది" అని ఉంది. ఆ రెండు గళ్లను పక్కపక్కన చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ రోజు మాకు ఏమీ తెలియదు. ఎలా ఉందో అలాగే ఉంచండి, కింద వ్యాఖ్య రాయకండి.

నాలుగో అడుగు: దిగుళ్లను ఒక్కొక్కటిగా రాయండి

దీనికి ఎక్కువ సమయం పెట్టండి. నేను మిగతా అన్నిటికీ కలిపి పట్టినంత సమయం దీనికే పెట్టాను.

"ఆ రోజుల్లో చాలా టెన్షన్‌గా ఉండేది" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఒక్కో దిగులుకు ఒక్కో పేజీ ఇవ్వండి. ఒక్కో పేజీలో నాలుగు సంగతులు: దేనికి భయపడ్డాం, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ఏం చేశాం, అది ఎప్పుడు ఎలా వదిలింది.

మా ఇంటి నుంచి ఒకటి చూపిస్తాను. తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. బయటి నుంచి వచ్చిన ఏ అట్టపెట్టె అయినా ముందు దాని మీదే దించాలి. పెట్టె మీద పెన్సిల్‌తో వచ్చిన టైమ్ రాసేవాళ్లం. మర్నాడు అదే టైమ్ దాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి నాన్న మందులు కూడా ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. తెరుద్దామా వద్దా అని పావుగంట చర్చ. చివరికి నేనే చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని తెరిచాను. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఒక రోజే ఎందుకు? అది మేం ఊరికే అనుకున్న అంకె కాదు. 2020 మార్చి 17న ఒక పేరున్న వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అట్ట మీద వైరస్ 24 గంటల వరకు, ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల వరకు బతికి ఉన్నట్టు ల్యాబ్‌లో తేలింది. ఆ అంకెలు వార్తల్లో తిరిగి తిరిగి మా కుర్చీ దాకా వచ్చాయి. ల్యాబ్‌లో కావాలని వైరస్‌ను వదిలి కొలవడం వేరు, మామూలు పెట్టె నుంచి మనిషికి అంటుకోవడం వేరు అన్న వివరం మాత్రం మాదాకా రాలేదు. వస్తువులను ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికన్నా తక్కువేనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పింది 2021 ఏప్రిల్‌లో. వైరస్ ఎక్కువగా మనిషి వదిలిన ఊపిరి ద్వారా, గాలి ఆడని గదుల్లో పాకుతుందని కూడా అప్పటికి స్పష్టమవుతూ వచ్చింది. మేమేమో బయటి గాలి రాకూడదని కిటికీలు బిగించుకుని, లోపల కూర్చుని పెట్టెలు తుడిచాం.

ఇది తెలిశాక నా మొదటి చిత్తుప్రతిలో "పిచ్చిగా పెట్టెలు తుడిచేవాళ్లం" అని రాశాను. తర్వాత ఆ "పిచ్చిగా" కొట్టేశాను. 60 దాటిన ఇద్దరు మనుషులున్న ఇంట్లో, ఆ వారం చేతికందిన ఒకే ఒక్క అంకెను నమ్ముకుని, చేయగలిగింది చేశాం. అది పిచ్చి కాదు. మీ చిత్తుప్రతిలోనూ పిచ్చి, అమాయకత్వం, వెర్రి లాంటి మాటలు కనబడితే ఒక్కసారి ఆగి, ఆ రోజు మీ చేతిలో ఏ సమాచారం ఉందో చూసుకోండి.

కుర్చీ తలుపు దగ్గర నుంచి ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరికీ గుర్తులేదు. సెప్టెంబర్ తర్వాతి ఫొటోల్లో అది కనబడలేదు. భయాలు చాలావరకు అలాగే పోయాయి, చెప్పాపెట్టకుండా. అదే రాయండి.

మీకు పనికొచ్చే మరికొన్ని:

మాస్కు. మొదట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కులు అక్కర్లేదు, వైద్య సిబ్బందికి మిగల్చండి అన్నారు. ఏప్రిల్ 3న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం గుడ్డతో ముక్కూనోరూ కప్పుకోమంది. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వైరస్ పాకుతున్న చోట్ల దూరం పాటించలేనప్పుడు జనం గుడ్డ మాస్కులు వాడేలా చూడమని ప్రభుత్వాలకు చెప్పింది. మీ పాత మెసేజ్‌లలో మార్చిలో "మాస్క్ ఎందుకు?" అన్న మనిషే జూలైలో "మాస్క్ ఏది?" అని కోప్పడటం కనబడవచ్చు. రెండూ ఉంచండి. సలహా మారినప్పుడు మనసు ఎలా మారిందో అవి రెండూ ఉంటేనే తెలుస్తుంది.

పద్నాలుగు రోజుల లెక్క. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు సగటున 5, 6 రోజుల్లో, ఆలస్యమైతే 14 రోజుల్లో బయటపడతాయని చెప్పేవారు. దాంతో బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక లెక్క మొదలయ్యేది. ఆ లెక్క పూర్తికాకముందే మళ్లీ బయటికి వెళ్లాల్సి వచ్చేది, మళ్లీ ఒకటి నుంచి. ఉద్యోగరీత్యా రోజూ బయటికి వెళ్లక తప్పనివాళ్లకు ఆ లెక్క ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ పేజీ వాళ్ల చేతే రాయించండి. ఇంటికొచ్చాక పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారా, స్నానం ఎక్కడ చేసేవారు, ఎక్కడ పడుకునేవారు అన్నవి కూడా.

వాసన. వాసన తెలియకపోవడం కూడా లక్షణమేనని ఏప్రిల్ నుంచి విన్నాక, ఎంతమంది పొద్దున్నే లేచి సబ్బు వాసన చూసుకుని ఊపిరి పీల్చుకున్నారో. మీరూ చేసి ఉంటే ఏ సబ్బో కూడా రాయండి.

చేతులు. 20 సెకన్లు కడగాలన్నారు. ఈ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది. సబ్బు దాన్ని చీల్చేస్తుంది కాబట్టి ఆ సలహా గట్టిదే. మీ ఇంట్లో ఆ 20 సెకన్లు ఎలా లెక్కపెట్టుకున్నారో, చర్మం ఎలా పగిలిందో రాయండి.

పుకార్లు. ఊపిరి పది సెకన్లు బిగపట్టగలిగితే కరోనా లేనట్టే అని ఒక మెసేజ్ ప్రపంచమంతా తిరిగింది. ఆ మాట తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. వేడినీళ్ల స్నానం, వెల్లుల్లి, మొబైల్ టవర్లు, ఇలా ఎన్నో. మీ గ్రూపులో వచ్చినవాటిని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి కానీ, ప్రతిదాని పక్కనా "ఇది నిజం కాదు" అని స్పష్టంగా రాయండి. ఇరవయ్యేళ్ల తర్వాత మీ మనవడో మనవరాలో చదివి, పెద్దవాళ్లు రాశారు కదా అని నమ్మకూడదు.

డబ్బు గురించి కూడా ఒక పేజీ ఉండాలి. ఉద్యోగం ఉంటుందా, జీతం ఎంత కోస్తారు, అద్దె ఎలా కట్టాలి, ఎవరికి అప్పు ఇచ్చాం, ఎవరి దగ్గర తీసుకున్నాం. దీన్ని చాలామంది వదిలేస్తారు. జబ్బు రాని ఇళ్లలో కూడా కంటి మీద కునుకు లేకుండా చేసింది ఇదే.

ఐదో అడుగు: ఇంట్లోవాళ్లను అడగండి

"అప్పుడు ఎలా ఉండేది?" అని అడిగితే "ఏముంది, అందరిలాగే" అంటారు. ప్రశ్న వస్తువు మీద పెట్టండి, లేదా ఒక చిన్న పని మీద పెట్టండి. బెల్ మోగితే తలుపు ఎవరు తీసేవారు? బయటికి ఎవరు వెళ్లాలన్నది ఎవరు తేల్చారు? ఎవరు ఎక్కడ కూర్చుని పని చేసుకునేవారు? రాత్రి అందరికన్నా ఆలస్యంగా ఎవరు పడుకునేవారు? చివరిసారి ఎవరిని హత్తుకున్నారు, మళ్లీ ఎన్నాళ్లకు?

నేను ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాను. పేజీ అంచున ఉన్న అంకె మీద వేలు పెట్టాను.

"అమ్మా, ఇది ఎవరిది?"

చూసింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"నాదేరా."

"మరి మాకెవరికీ చెప్పలేదే?"

"చెబితే నన్ను గదిలో పెట్టి తలుపేసేవాళ్లు. మీరంతా హడలిపోయేవాళ్లు. ఆ రోజంతా మీకు దూరంగానే మసులుకున్నా. రాత్రి హాల్లో కిటికీ పక్కన పడుకున్నా. ఉక్కగా ఉందంటే నమ్మారు."

"మర్నాడు?"

"పొద్దున 98.6 వచ్చింది. అప్పుడు కాస్త ఏడుపొచ్చింది."

సాధారణంగా జ్వరం కింద లెక్క 100.4 నుంచి. 99.1 అసలు జ్వరమే కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. మీరూ అనకండి. ఎవరైనా ఇలాంటిది చెబుతున్నప్పుడు సరిదిద్దడానికి పూనుకుంటే అక్కడితో ఆపేస్తారు. తర్వాత ఏం చెప్పబోయారో మనకు ఎప్పటికీ తెలియదు.

రికార్డు చేసుకుంటున్నట్టయితే ముందే చెప్పండి. అరగంట మించి కూర్చోబెట్టకండి. పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా అడగండి, పక్కన ఇంకొకరుంటే మాట మారుతుంది. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, తీర్పు చెప్పకండి.

పిల్లలను మర్చిపోవద్దు. అప్పుడు ఐదారేళ్లున్నవాళ్లు ఇప్పుడు చక్కగా చెప్పగలరు. మా చిన్నది చెప్పిన మాట: "కరోనా అంటే బయట తిరిగే ఒక మనిషి అనుకునేదాన్ని. అందుకే మీరు తలుపు తీస్తే భయమేసేది." మూడు నెలలు ఆ భయంతో మా మధ్యే తిరిగింది. ఒక్కరం కూడా అడగలేదు. పాత బొమ్మల కాగితాలు తీస్తే, తలుపు బయట నిలబడ్డ ఒక నల్లటి మనిషి ఉన్నాడు. అప్పట్లో అది చూసి బాగా వేశావని మెచ్చుకున్నాం.

ఆరో అడుగు: ఒక్క రోజు పూర్తిగా

బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ మామూలు జనాన్ని ఏటా మే 12న, ఆ ఒక్క రోజు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేశారో రాసి పంపమని అడుగుతుంది. 1937లోనూ అదే తేదీన అలాగే అడిగింది. 2020 మే 12నా అడిగింది. వేలమంది రాసి పంపారు. ఆ పద్ధతి మనమూ వాడుకోవచ్చు.

మీకు ఎక్కువ సాక్ష్యాలు దొరికిన రోజును ఎంచుకోండి. పెద్ద రోజు అక్కర్లేదు, ఏమీ జరగని రోజే మంచిది. గంట గంటకూ రాయండి. వీధిలో ఏ చప్పుడు లేదు, ఏ చప్పుడు కొత్తగా వినబడింది. వీడియో కాల్‌లో ఎవరి ముఖం ఆగిపోయింది. సాయంత్రం కేసుల సంఖ్య ఎన్ని గంటలకు చూసేవాళ్లు, చూశాక ఇంట్లో ఎవరు మాట్లాడేవారు. నిజంగా దొరకని గంటలను ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపకండి.

ఏడో అడుగు: నొప్పి ఉన్న చోట

2020, 2021 రెండేళ్లలో కొవిడ్ వల్ల నేరుగా గానీ, దాని ప్రభావం వల్ల గానీ అదనంగా పోయినవాళ్లు దాదాపు 1 కోటి 49 లక్షల మంది ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మీ ఇంట్లోనూ ఎవరైనా ఉండవచ్చు. అయితే ఈ అడుగు చివరికి పెట్టుకోండి, లేదా పూర్తిగా వదిలేయండి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

రాయాలనుకుంటే చివరి రోజుతో మొదలుపెట్టకండి. ఆ మనిషి బాగున్నప్పటి ఒక మామూలు పొద్దుతో మొదలుపెట్టండి. అంత్యక్రియలు ఫోన్‌లో చూడాల్సి వచ్చినవాళ్లు, దగ్గరుండి సాగనంపలేకపోయినవాళ్లు చాలామంది ఆ సంగతి ఇప్పటికీ బయటికి చెప్పుకోలేదు. ఫోన్ ఎవరు పట్టుకున్నారు, మీరు ఏ గదిలో ఉన్నారు, కాల్ అయిపోయాక ఏం చేశారు అన్న మూడింటికి జవాబు రాసినా చాలు. రాస్తుంటే గుండె బరువెక్కి ఆగలేకపోతే కాగితం పక్కన పెట్టి, మీ మనిషి అనుకున్న ఎవరికైనా ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోవడం, దిగులు వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి.

గొడవలు, సిగ్గుపడే పనులు కూడా ఉంటాయి. జబ్బు వచ్చిన పక్కింటివాళ్లతో మాట్లాడటం మానేసి ఉండవచ్చు. అవసరానికి మించి సరుకులు కొని దాచి ఉండవచ్చు. మీ తప్పు మీరు నిజాయితీగా రాసుకోండి. ఎదుటివాళ్ల తప్పు రాసేటప్పుడు పేరు తీసేయండి.

ఎనిమిదో అడుగు: శుభ్రప్రతి, భద్రత

ఆ రోజుల మాటలకు ఒక చిన్న పట్టిక జోడించండి: లాక్‌డౌన్, క్వారంటైన్, ఐసొలేషన్, కంటైన్‌మెంట్, సామాజిక దూరం. సామాజిక దూరం అనడం సరికాదు, మనుషుల మధ్య దూరమే గానీ మనసుల మధ్య కాదని మార్చి నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఏ మాట వాడారో అదే రాయండి. రేపటి పిల్లలకు వీటి అర్థం తెలియకపోవచ్చు.

ఫోన్‌లో ఉన్నది ఫోన్‌తోనే పోతుంది. కాగితం మీద ప్రింట్ తీసి ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల దగ్గర ఉంచండి. ఫొటోల వెనక పెన్సిల్‌తో తేదీ, పేర్లు రాయండి. వాయిస్ మెసేజ్‌ల కాపీ విడిగా ఒక డ్రైవ్‌లో పెట్టి, కవరు మీద ఎవరి గొంతో రాయండి.

ఎవరి సంగతి రాశారో వాళ్లకు ఆ పేజీ చూపించి, వద్దంటే తీసేయండి. మా ఇంట్లో ఇద్దరు వద్దన్నారు, తీసేశాను. 99.1 పేజీ అమ్మకు చదివి వినిపించినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తీసేయమంటుందేమో అనుకున్నాను. పెన్ను అడిగింది. చివర్లో ఖాళీగా ఉన్న చోట తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: "ఆ రోజు కూడా అందరి జ్వరం నేనే చూశాను, దూరం నుంచి."